బాణసంచా కోసం బీచ్ రోడ్డు మేడమీద పదకొండు గంటలు

వైశాఖ పౌర్ణమి వెళ్ళిన రెండో రోజు, శనివారం నాడు, పొద్దున్న పదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా మా కుటుంబం ఎనిమిదిమందీ విశాఖపట్నం బీచ్ రోడ్డులోని ఒక రెస్టారెంటు మేడమీద గడిపాం. ఆ రాత్రి ఎనిమిది గంటలకు రామకృష్ణా బీచ్ ఇసుకలో బాణసంచా కాలుస్తారని వారం ముందే తెలియడంతో, సముద్రానికి ఎదురుగా మేడలున్న హోటళ్ళు కొన్ని 'రోజు పాస్' పేరుతో సీట్లు అమ్మకానికి పెట్టాయి. మేము కొన్నది వాటిలో ఒకటి. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. చెప్పవలసిన ఫిర్యాదు మేనేజరుగారికి ముఖాముఖిగా చెప్పేశాను. పైగా ఇలాంటి పాసులు ఒక్కచోటే అమ్మడం లేదు కనుక, కొనబోయేవారికి కావలసింది హోటలు పేరు కన్నా దేనికి డబ్బు పెట్టవచ్చో, దేనికి పెట్టనక్కర్లేదో అన్న సంగతి. నా లెక్క ముందే చెబుతాను: నీడకూ మరుగుదొడ్డికీ పెట్టిన డబ్బు న్యాయంగానే ఖర్చయింది, బాణసంచాకు పెట్టింది మాత్రం పొగలో కలిసిపోయింది.

పాస్ ధర పెద్దలకు 1,500 రూపాయలు, అయిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లలకు 750. మేమిద్దరం, మా అత్తయ్యగారు, వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మా అన్నయ్య, వదిన కలిసి అయిదుగురు పెద్దలం. మా అబ్బాయి, అన్నయ్య పిల్లలిద్దరు కలిసి ముగ్గురు పిల్లలు. మొత్తం 9,750 రూపాయలు, దానిమీద అయిదు శాతం జీఎస్టీతో 10,238 అయింది. ఇందుకు బదులుగా పొద్దుటి నుంచి నీడలో కూర్చునే చోటు, మధ్యాహ్నం బఫే భోజనం, సాయంత్రం టీ, ఒక చిరుతిండి, సముద్రంలో తడిసి వచ్చాక ఒళ్ళు కడుక్కోవడానికి మంచినీళ్ళు, రాత్రికి 'ముందు వరుసలో మీ పేరు రాసిన కుర్చీ' ఇస్తామని రసీదు మీదే అచ్చు వేసి ఇచ్చారు. రాత్రి భోజనం ఖర్చు వేరు. మమ్మల్ని ఒప్పించింది ఆ చివరి మాటే. అత్తయ్యగారికి డెబ్బై నాలుగేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి, ఇసుకలో చతికిలబడితే మళ్ళీ ఇద్దరు పట్టుకుని లేపాలి. ఇదే మేడమీద సాయంత్రం ఆరింటి దాకా మాత్రమే చెల్లే 600 రూపాయల పాస్ కూడా ఉంది. అందులో భోజనమూ లేదు, రాత్రి కుర్చీ కూడా లేదు కనుక, బాణసంచా చూడకుండా ఇంటికి పోయేదానికి అంత డబ్బు ఎందుకని దాన్ని చీదరించుకున్నాం. ఆ తొందరపాటు విలువ రాత్రి తెలిసింది.

విశాఖ ఎండ సంగతి తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. ఇక్కడ మేలో మనిషిని పడగొట్టేది ఎండ తీవ్రత కన్నా ఉక్కపోత. హైదరాబాదులో నలభై రెండు డిగ్రీలు చూసి వచ్చిన మా అన్నయ్య, ఫోనులో ముప్ఫై అయిదు అన్న అంకె చూసి, ఇది మాకు చలికాలమేనని పిల్లల టోపీలు కారులోనే వదిలేశాడు. కారును పాండురంగాపురం సందులో ఎక్కడో ఇరికించి, బీచ్ రోడ్డు దాకా నడిచి వచ్చేసరికి అతని చొక్కా వీపుకు అతుక్కుపోయి, పిండితే నీళ్ళు కారేలా తయారైంది. అప్పటికే ఇసుక మీద జనం ఉన్నారు. అనకాపల్లి నుంచీ విజయనగరం నుంచీ పొద్దుటి బస్సులకే వచ్చినవారు పాత దుప్పట్లకు నాలుగు కర్రలు కట్టి పందిళ్ళలాగా వేసుకుని, వాటి కింద పిల్లల్ని పడుకోబెట్టి, తామేమో ఎండలో కూర్చున్నారు. ఆ దృశ్యం చూశాక మేడ మెట్లు ఎక్కుతుంటే నాకు కొంత సిగ్గుగానూ, కొంత హాయిగానూ అనిపించిందని ఒప్పుకుంటాను.

నీడ విషయంలో ఆ రెస్టారెంటును మెచ్చుకోకుండా ఉండలేను. రేకుల కప్పు కింద మళ్ళీ తాటాకు పరిచారు. అందువల్ల రేకు వేడి నెత్తిమీదకు దిగలేదు. పడమటి వైపు మొత్తం వట్టివేళ్ళ తడికలు కట్టారు. పదహారు పదిహేడేళ్ళ కుర్రవాడొకడు చేతిలో సన్నటి గొట్టంతో అరగంటకు ఒకసారి ఆ తడికల్ని పై నుంచి కిందికి, కంటికి కాటుక దిద్దినంత శ్రద్ధగా, ఒక్క చుక్క నేలమీద పడకుండా తడుపుతూ వచ్చాడు. తడిపిన ప్రతిసారీ మట్టివాసన లాంటి ఆ వేరు వాసన మేడంతా పాకి, మాట్లాడుతున్నవాళ్ళు కూడా ఒక క్షణం ఆగేవారు. అయితే గాలిలో అప్పటికే తేమ నిండి ఉన్న సముద్రపు ఊళ్ళో తడిక నీళ్ళు తొందరగా ఆరవు, ఆరకపోతే చల్లదనం రాదు. ఇదే తడిక హైదరాబాదులోనైతే గదిని గుహలా మార్చేస్తుంది. కనుక వాసనకు పూర్తి మార్కులు, చల్లదనానికి సగమే ఇస్తాను. అసలు చల్లదనం పన్నెండు గంటల వేళ సముద్రపు గాలి మొదలయ్యాక వచ్చింది, దానికి ఎవరూ పాస్ అమ్మలేరు.

మరుగుదొడ్ల గురించి సమీక్షల్లో ఎవరూ రాయరు కానీ, ఆడవాళ్ళు రోజంతా బీచ్‌లో ఉండాలా వద్దా అన్నది తేల్చేది అదే. ఇక్కడ ఆడవారికి మూడు గదులు ఉన్నాయి, ఒకటి కమోడ్ ఉన్నది. ఒక నడివయసు ఆవిడ తలుపు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుని, ప్రతి మనిషి తరువాత నీళ్ళు కొట్టి, పొడి గుడ్డతో నేల తుడిచింది. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆమె ఒక్కర్తే. మధ్యలో భోజనానికి వెళ్ళినప్పుడు కూడా పళ్ళెం పట్టుకుని అక్కడికే వచ్చి తిన్నది. ఇసుక మీద ఉన్న ఆడవాళ్ళు చాలామంది మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా సరిగా తాగకుండా గడిపారని, దాని కారణం ఏమిటో అడగనక్కర్లేదని, కింద కలిసిన ఒకావిడ మా వదినతో అన్నదట. మా అత్తయ్యగారి వయసువారితో వచ్చేవారెవరైనా పాస్ ధరలో సగం ఈ ఒక్క ఏర్పాటుకే రాసుకోవచ్చు.

భోజనం మాత్రం మిశ్రమంగా సాగింది. ముద్దపప్పు, కొత్త ఆవకాయ, నెయ్యి అనే మూడింటిని ఎవరూ చెడగొట్టలేరు, వీరూ చెడగొట్టలేదు. సువర్ణరేఖ మామిడి ముక్కలు పెద్ద పళ్ళెంలో పెట్టి ఎన్నిసార్లయినా వేసుకోనిచ్చారు. ఉత్తరాంధ్రలో పుట్టి ఈ పండుకు మరో పండు సాటి అంటే ఒప్పుకోని మా అత్తయ్యగారు అన్నం మానేసి మామిడిపండుతోనే కడుపు నింపుకున్నారు. రొయ్యల ఇగురు ఆ రోజు మేడమీద అన్నిటికన్నా మంచి వంటకం: ఉల్లిపాయ బాగా మగ్గి, నూనె తేలి, రొయ్య రబ్బరులా సాగకుండా పంటి కింద తేలిగ్గా తెగింది. వంజరం వేపుడు దగ్గరే తేడా కొట్టింది. ముక్క పైన కరకరలాడుతున్నా లోపల పీచుగా, నీరసంగా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులపాటు మరబోట్లు వేటకు వెళ్ళకూడదన్న నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బరులో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉంటాయి. కనుక ఇంత పెద్ద బఫేకు ఇంత వంజరం ఎక్కడిదని వడ్డించే అబ్బాయిని అడిగాను. అతను చుట్టూ చూసి, "ఐసు సరుకేనమ్మా, తాజాది ఇప్పుడెక్కడ దొరుకుతుంది? రొయ్యలు తినండి, అవి చెరువువి" అన్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. పళ్ళెం మీద 'నేటి తాజా చేప' అని రాసిన అట్టముక్క మాత్రం నచ్చలేదు.

మూడు దాటాక పిల్లలు ఊరుకోలేదు. మా వారు, అన్నయ్య వాళ్ళను తీసుకుని కిందికి వెళ్ళారు. రామకృష్ణా బీచ్ ఈతకు పనికిరాదన్నది ఊరివారందరికీ తెలుసు; నాలుగడుగులు వేసేసరికి కాళ్ళ కింద ఇసుక ఒక్కసారిగా దిగిపోతుంది, వెనక్కి లాగే ప్రవాహం మనిషి బలం చూడదు. గార్డులు ఈలలు వేస్తూనే ఉన్నారు, జనం వినీ విననట్టు నడుము లోతుకు పోతూనే ఉన్నారు. మా పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వలేదు. తరువాత వాళ్ళను కురుసుర జలాంతర్గామి లోపలికి తీసుకువెళ్ళారు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ఇసుక ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచిన ఆ తొంభై ఒక్క మీటర్ల నౌకలో నావికుల పడకలు ఎంత ఇరుకో చూసి వచ్చాక, మా అబ్బాయి మేడమీద కుర్చీ ఇరుకుగా ఉందని ఒక్కసారి కూడా అనలేదు. తిరిగి వచ్చేసరికి అయిదు అయింది. ఒళ్ళంతా ఉప్పు, ఇసుక. మంచినీళ్ళ స్నానం అన్నది రసీదు మీద ఉంది కదా అని వెళితే, అక్కడ ఒకే కొళాయి, దాని ముందు పాతికమంది. మా వంతు వచ్చేసరికి కొళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ట్యాంకు అయిపోయిందట, ట్యాంకరు జనంలో ఇరుక్కుందట. చివరికి తాగే నీళ్ళ సీసాలు ఆరు కొని ముగ్గురు పిల్లల కాళ్ళూ మొహాలూ కడిగాం. ఆ నీళ్ళకు బిల్లు వేయవద్దని అడిగితే, వేయలేదు. అంతవరకు మర్యాదే.

ఈ తీరం తూర్పు ముఖంగా ఉండడం వల్ల ఒక సౌకర్యం ఉంది, దీన్ని పాస్ కొనేవారు తప్పక లెక్కలోకి తీసుకోవాలి. పొద్దు ఊరి వెనకకు వాలుతుంది. నాలుగున్నర, అయిదు గంటలకల్లా భవనాల నీడ రోడ్డు దాటి ఇసుక మీదకు పాకుతుంది. అంటే డబ్బిచ్చి కొనుక్కున్న నీడ సాయంత్రానికి అందరికీ ఉచితంగా వస్తుంది. అప్పుడే ఊరు కదిలింది. ఆర్టీసీ బస్సులు దూరంగానే ఆగిపోయాయి, పోలీసులు సిరిపురం వైపు నుంచి వాహనాలను మళ్ళించారు, ఆ వాలు మీదుగా జనం ఏరులా దిగి వచ్చారు. ఇసుక కనిపించడం మానేసింది. పౌర్ణమి దరిదాపుల్లో పోటు కూడా ఎక్కువ కనుక, నీరు ముందుకు వచ్చి జనాన్ని గోడవైపు నెట్టింది.

మేడమీద ఇచ్చిన సాయంత్రపు చిరుతిండి, రెండు మిరపకాయ బజ్జీలు, చల్లారిపోయి వచ్చాయి. కింద సరిగ్గా మా కళ్ళకు ఎదురుగా మురీ మిక్స్చర్ బండి. ఆ బండివాడి చేతిని నేను చాలాసేపు చూశాను. ఎడమచేతిలో స్టీలు గిన్నె, అందులో గుప్పెడు మరమరాలు, వేయించిన వేరుశనగ గుళ్ళు, చేతిలోనే గాలిలో తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, చిటికెడు కారం, ఒక చెంచా నూనె, సగం నిమ్మచెక్క; పొడుగాటి చెంచాతో టకటకమని మూడు చుట్లు, గిన్నె ఎగరేసి మరో చుట్టు, కాగితం పొట్లంలోకి వంపు. ఒక పొట్లానికి అర నిమిషం కూడా పట్టదు. మరమరం మెత్తబడకుండా చేతికి అందించాలన్న తొందర అతని ఒంట్లోనే ఉంది. బయటి తిండి పైకి తేకూడదని మేడమీద బోర్డు. అయినా మా అత్తయ్యగారు అన్నయ్యను కిందికి పంపి, ముంతకింద పప్పు పొట్లం తెప్పించి, కొంగు చాటున పెట్టుకుని, వడ్డించే అబ్బాయి అటు తిరిగినప్పుడల్లా ఒక్కో గుప్పెడు పిల్లల చేతుల్లో పోశారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఇక అసలు ఫిర్యాదు. ఆరున్నరకు మా పేరు రాసిన కుర్చీల దగ్గరకు వెళితే, పేర్లు నిజంగానే ఉన్నాయి. స్కెచ్ పెన్నుతో రాసి, సెల్లోటేపుతో అంటించారు. కానీ ఆ కుర్చీల ముందు, పిట్టగోడకూ మాకూ మధ్య, పొద్దున్న ఖాళీగా ఉన్న జాగాలో మరో రెండు వరుసలు వచ్చి చేరాయి. సాయంత్రం పాస్ అని విడిగా ఒకటి అప్పటికప్పుడు అమ్మారట. మేనేజరుగారిని పిలిపించి, ముందు వరుస అంటే దాని ముందు మరో వరుస ఉండకూడదు కదండీ అంటే, ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "మేడమ్, పేరు రాసిన వరుసల్లో మీదే ముందు వరుస, వాళ్ళవి పేర్లు లేని కుర్చీలు" అన్నారు. న్యాయశాస్త్రం చదివిన మా వారు కూడా ఆ జవాబుకు ఒక క్షణం నోరు తెరిచి ఉండిపోయారు. చాలా మాటల తరువాత అత్తయ్యగారి కుర్చీని ఒక్కదాన్ని పిట్టగోడ దాకా జరిపారు, మిగిలిన మేమంతా ఎవరి భుజాల మీదుగానో చూడవలసి వచ్చింది. మా వారు, అన్నయ్య ఆ చికాకులో తమ కుర్చీలు పిల్లలకు వదిలేసి, కింద ఎక్కడైనా నిలబడతామని వెళ్ళిపోయారు. ఇంకో సంగతి: మేడ అంచు పొడవునా కట్టిన రంగు దీపాల తోరణాలను ఆర్పమని ముగ్గురు నలుగురం అడిగాం. చీకటి కోసం డబ్బిచ్చి వచ్చినవాళ్ళకు ఎదురుగా దీపాలు వెలిగించడం ఏమి తెలివో నాకు అర్థం కాలేదు. ఫోటోలకు బాగుంటుందన్నారు.

ఎనిమిది దాటింది, ఏమీ కాలేదు. సరిగ్గా ఆ ఖాళీలోనే ఆ రోజు అన్నిటికన్నా మంచి దృశ్యం కనిపించింది, అది ఎవరూ ఏర్పాటు చేసింది కాదు. సముద్రం అంచున మొదట రాగి రంగు మరక ఒకటి తేలింది. ఓడ మంటల్లో ఉందేమోనని ఎవరో అన్నారు. మరక పెరిగి, పైభాగం గుండ్రబడి, కొంచెం నలిగిన చంద్రుడై నీళ్ళలోంచి లేచాడు. లంగరు వేసుకున్న ఓడల దీపాలు ఆ వెలుగు దారికి రెండువైపులా చుక్కల్లా నిలిచాయి, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండమీద దీపస్తంభం తన వంతుకు ఒకసారి కన్ను తెరిచి మూసింది. కింద లక్షగొంతుల గోల ఒక్కసారిగా సన్నబడింది. అన్నయ్య చిన్న కూతురు అప్పటికే వదిన ఒడిలో నిద్రపోయింది, దాన్ని లేపాలా వద్దా అని వదిన నా వైపు చూసింది, వద్దన్నాను.

ఎనిమిది యాభైకి మొదటి జువ్వ లేచింది. కాళీమాత గుడికి కొంచెం ఇవతల ఇసుకలోంచి కాలుస్తున్నారు, మా మేడ దానికి ఈశాన్యంగా పార్కు వైపు ఉంది. వెలుగు కనిపించాక చప్పుడు దాకా మా అబ్బాయి వేళ్ళమీద లెక్కపెట్టి "రెండు" అన్నాడు. అంటే ఇంచుమించు ఏడు వందల మీటర్లు. ఎర్రటి పువ్వు విచ్చుకుని, దాని రేకుల చివర్లు బంగారు జల్లుగా రాలాయి. తరువాత నీలం వచ్చింది. ఎరుపుకు స్ట్రాన్షియం లవణాలు చాలని, నీలానికి రాగి కావాలని, ఆ రాగి వేడి ఎక్కువైతే రంగు పోగొట్టుకుంటుందని, అందుకే మంచి నీలం అరుదని కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మా వదిన అంటూ ఉండగానే ఆ నీలం మసకబడింది. పొగ. ఈ నెలల్లో విశాఖలో గాలి తరచుగా నైరుతి నుంచి, ఇంచుమించు తీరం వెంబడే వీస్తుంది. ఆ గాలి కాల్చినచోటి పొగనంతా ఒక దుప్పటిలా మడతపెట్టి మా మేడమీదకే తెచ్చింది. మూడో నిమిషం నుంచి మాకు కనిపించింది బాణసంచా కాదు, పొగ లోపల ఎవరో టార్చిలైటు వేసి ఆర్పుతున్నట్టున్న వెలుగు. చప్పుళ్ళు మాత్రం ఛాతీకి తగులుతూనే ఉన్నాయి. అత్తయ్యగారికి దగ్గు తెర వచ్చి, జరిపించుకున్న పిట్టగోడ కుర్చీలోంచి లేచి తడికల వెనక్కి వచ్చేశారు. మొత్తం పదకొండు నిమిషాలు నడిచింది, మేము చూసింది మూడు.

కిందికి వెళ్ళిన మా వారు, అన్నయ్య జనం తోసుకుంటూ పోగా పోగా కోస్టల్ బ్యాటరీ వైపు, అంటే కాల్చినచోటికి దక్షిణంగా, గోడ పక్కన తేలారట. వాళ్ళ ఫోనులో తీసిన వీడియోలో ఆకాశం కడిగినట్టుంది. పదకొండు నిమిషాలూ, చివర ఒకేసారి లేచిన జువ్వల గుత్తితో సహా, స్పష్టంగా కనిపించాయి. వాళ్ళ చోటుకు టికెట్టు లేదు. వాళ్ళ పక్కన ఒక కుటుంబం మడత కుర్చీలో తమ ముసలాయన్ను కూర్చోబెట్టుకుని వచ్చిందని మా వారు చెప్పినప్పుడు, అలాంటి కుర్చీ మా అటకమీద ఒకటి ఉందని అత్తయ్యగారు గుర్తుచేశారు.

దిగేటప్పుడు మరో లోపం బయటపడింది, దీన్ని నేను కుర్చీల తగాదా కన్నా పెద్దదిగా లెక్కిస్తాను. రెండు వందలమందికి తక్కువ కాని ఆ మేడకు దిగే మెట్లు ఒక్కటే, ఇద్దరు పక్కపక్కన దిగలేనంత సన్నం. వెనకవైపు రెండో తలుపు ఉంది, పైన పచ్చటి బోర్డు కూడా ఉంది, కానీ దాని ముందు మిగిలిన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్కనే నిప్పురవ్వలు ఎగురుతున్న రాత్రి, తాటాకు కప్పు కింద, ఆ తలుపు మూసి ఉంచడం క్షమించదగ్గ పొరపాటు కాదు. ఆ కుర్చీలు తీయించేదాకా నేను కదలనని చెప్పి నిలబడ్డాను. మిగతా ఆడవాళ్ళు కూడా నిలబడ్డారు. తీశారు. తీయడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

రాత్రి తిన్న ఇడ్లీలకు, దోసెలకు బిల్లు ఇస్తూ పది శాతం సర్వీసు ఛార్జీ కలిపారు. హోటళ్ళు దాన్ని తమంతట తాముగా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట మర్యాదగా చెప్పి, ఫిర్యాదుకు 1915 నంబరు ఉందని కూడా చెప్పాక, బిల్లు మార్చి తెచ్చారు. ఆ పది శాతం మేర డబ్బును మరుగుదొడ్ల దగ్గర కూర్చున్న ఆవిడ చేతిలో పెట్టి, తడికలు తడిపిన కుర్రవాడి కోసం వెతికితే, అతను అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడన్నారు.

మేనేజరుగారు చివర్లో, ముందు వరుస విషయమై, వెయ్యి రూపాయల కూపన్ ఇచ్చారు. జూన్ నెలాఖరు దాకా చెల్లుతుంది. ఈసారి ఇలాంటి రాత్రి వస్తే 600 రూపాయల పాస్ తీసుకుని, ఆరింటికి మేడ దిగి, అటకమీది మడత కుర్చీతో గాలికి ఎదురుగా కోస్టల్ బ్యాటరీ వైపు వెళ్ళాలని మా ఇంట్లో అప్పుడే నిర్ణయం అయిపోయింది కనుక, కూపన్ వృథా అనుకున్నాను. అత్తయ్యగారు మాత్రం దాన్ని దేవుడి అలమరలో పంచాంగం కింద దాచారు. చేపల నిషేధం జూన్ 14తో అయిపోతుందట, పదిహేనుకు బోట్లు వెళితే వారంలోపు తాజా వంజరం వస్తుందట, అప్పుడు వెళ్ళి ఆ అట్టముక్క మీద రాసింది నిజమో కాదో చూసి వద్దామంటున్నారు.